పలకల కప్పు మీద సౌరఫలకాలు

తెలుగులో పలక అన్న మాట సంస్కృతపు ఫలకం నుంచి వచ్చింది. మార్కాపురం రాతిపలక మీద ఓనమాలు దిద్దుకున్న తరం వాళ్ళు డబ్లిన్ డాక్‌ల్యాండ్స్ పాతవీధుల్లోకి వస్తే, ఇళ్ళ కప్పులు చూసి కాస్త ఆశ్చర్యపోతారు. రింగ్స్‌ఎండ్‌లోనూ ఈస్ట్‌వాల్‌లోనూ వరసగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న ఎర్ర ఇటుక ఇళ్ళ మీద పరిచింది ఆ జాతి రాయే. చాలామటుకు వేల్స్ గనుల నుంచి ఓడల్లో వచ్చిన పలకలు. ఇప్పుడు ఆ పలకల మీదికి ఇంకో రకం పలకలు ఎక్కుతున్నాయి. సౌరఫలకాలు.

ఇక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే, ఇళ్ళ ధరలూ పిల్లల బళ్ళూ అయ్యాక మాట సోలార్ మీదికి మళ్ళుతుంది. "ప్యానెళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, యూట్యూబ్‌లో అంతా చూపిస్తున్నారు కదా, మనమే బిగించుకుంటే పోలా?" అని ఎవరో ఒకరు అంటారు. మనది ఇంట్లో ఫ్యాను ఆగిపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని స్టూలెక్కే జాతి. అడగడంలో తప్పేం లేదు. అయితే దీనికి జవాబు ఔననో కాదనో ఒక్క ముక్కలో రాదు. కరెంటు ఎవరు పుట్టించాలి, ఎవరి అనుమతితో పుట్టించాలి అన్న తగువు ఈ రేవుల్లో దాదాపు నూట నలభై ఏళ్ళుగా నడుస్తోంది. మన సోలార్ ప్లాను ఆ తగువులో తాజా అధ్యాయం. అందుకని ముందు పాత అధ్యాయాలు తిరగేద్దాం.

బొగ్గు, గ్యాసు

ఇవాళ గూగుల్ లాంటి కంపెనీల అద్దాల మేడలు నిలబడ్డ గ్రాండ్ కెనాల్ డాక్ 1796లో తెరిచారు. ఓడలూ కాలవ పడవలూ కలుసుకునే చోటు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి దిగిన సరుకుల్లో ముఖ్యమైంది బొగ్గు. ఐర్లండులో పీట్ అనే బురదనేల ఇంధనం పుష్కలంగా ఉన్నా, మంచి బొగ్గు తక్కువ. అది సముద్రం దాటి బ్రిటన్ నుంచి రావాల్సిందే. ఆ బొగ్గుని రేవు పక్కనే గ్యాసుగా మార్చి ఊరి దీపాలకీ పొయ్యిలకీ గొట్టాల్లో పంపేవారు. బారో స్ట్రీట్ దగ్గర ఆ కాలపు గ్యాస్‌హోల్డర్ ఇనుప చట్రం ఒకటి ఇంకా ఉంది. దాని లోపల గుండ్రటి అపార్ట్‌మెంట్ భవనం కట్టారు. ఆ పక్క నుంచి రోజూ ఆఫీసుకి నడిచే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, మీరు చూస్తున్నది ఒకప్పటి ఊరి గ్యాసు సిలిండరు.

గ్యాసు వదిలిన చెత్త నేలలో మిగిలింది. తారు, సైనైడు కలిసిన మట్టిని శుభ్రం చేశాకే ఈ ప్రాంతంలో కొత్త భవనాలు లేచాయి. ఇంధనం ఎక్కడ తయారైతే దాని మురికి అక్కడివాళ్ళ నెత్తిన పడుతుంది. డాక్‌ల్యాండ్స్ కూలీల ఇళ్ళు ఆ మురికి పక్కనే ఉండేవి. ఇంటికప్పు మీద కరెంటు పుట్టించుకోవడంలో ఉన్న ఆకర్షణ కొంత ఇందులో ఉంది.

1892: రెండు ఆరంభాలు

డబ్లిన్ విద్యుత్ చరిత్రలో 1892కి ఒక చిత్రమైన ప్రత్యేకత ఉంది. ఆ ఏడాది డబ్లిన్ కార్పొరేషన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో తన విద్యుత్ కేంద్రాన్ని మొదలుపెట్టింది. బొగ్గు కాల్చి, ఆవిరితో డైనమోలు తిప్పి, వీధిదీపాలు వెలిగించింది. చరిత్ర పుస్తకాలు ఎక్కువగా చెప్పే ఆరంభం ఇదే.

రెండో ఆరంభం సంగతి తక్కువమందికి తెలుసు. అదే ఏడాది ఆగస్టులో, ఊళ్ళో ఇంకోపక్క 16 ఎర్ల్స్‌ఫోర్ట్ టెరేస్ అనే ఇంట్లో, విలియం మాంక్ అనే ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు తన దూరదర్శినికి సెలీనియం పూసిన చిన్న ఘటాన్ని తగిలించి, గ్రహాల కాంతిని విద్యుత్తుగా మార్చి కొలిచాడు. ఆకాశంలోని వెలుగుని విద్యుత్తుతో కొలిచిన మొట్టమొదటి ప్రయోగాల్లో అదొకటి. ఘటాన్ని తయారుచేసి ఇచ్చింది జార్జ్ మించిన్. 1845లో ఐర్లండు పశ్చిమ కొసన ఉన్న వాలెంషియా దీవిలో పుట్టి, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదువుకున్న గణితజ్ఞుడు. 1895లో ఆయన వెస్ట్‌మీత్ కౌంటీలోని డారమోనా వేధశాలలో విలియం విల్సన్‌తో కలిసి నక్షత్రాల కాంతిని కూడా ఇలాగే కొలిచాడు.

మనకి ఆసక్తి కలిగించే విషయం ఇంకోటి ఉంది. మించిన్ ఉద్యోగం చేసింది ఇంగ్లండులోని కూపర్స్ హిల్‌లో, రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీలో. మన దేశంలో కాలవలూ వంతెనలూ కట్టించే పబ్లిక్ వర్క్స్ శాఖకి బ్రిటిష్ ఇంజనీర్లని తయారుచేసి పంపడానికి పెట్టిన కాలేజీ అది. పగలు ఇండియా వెళ్ళబోయే కుర్రాళ్ళకి గణితం చెప్పిన మనిషే, తీరిక వేళల్లో ఎండ నుంచి కరెంటు తీసే ఘటాలు చేసుకుంటూ కూర్చున్నాడన్నమాట.

సెలీనియం కథ కూడా ఓడలతో, తీగలతో ముడిపడిందే. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ తీగల్ని పరీక్షించడానికి సెలీనియం వాడుతూ, వెలుగు పడితే దాని విద్యుత్ లక్షణం మారుతోందని విలోబీ స్మిత్ 1873లో ప్రకటించాడు. వెలుగు పడితే చాలు, దానంతట అదే కరెంటు పుట్టిస్తుందని ఆడమ్స్, డే 1876లో చూపించారు. 1883లో న్యూయార్క్‌లో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారపు రేకు పరిచి ప్యానెల్ చేశాడు. కానీ పడిన వెలుగులో నూటికి ఒక వంతు కూడా కరెంటుగా మారలేదు. దాంతో వీధిదీపాలు వెలగవు. కాబట్టి 1892 నాటి రెండు ఆరంభాల్లో బొగ్గుది పైచేయి అయింది. సౌరఘటం గ్రహాలు కొలిచే బొమ్మగా పక్కన కూర్చుంది.

పిజియన్ హౌస్, షానన్

ఫ్లీట్ స్ట్రీట్ కేంద్రం త్వరలోనే చాలకపోయింది. 1903లో కార్పొరేషన్ రేవు చివర పిజియన్ హౌస్ దగ్గర పెద్ద కేంద్రం ప్రారంభించింది. పేరు చూసి పావురాల గూడు అనుకోకండి. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ కాపలాదారుగా ఉన్న జాన్ పిజియన్ పేరు మీద వచ్చింది. ఓడలో బొగ్గు నేరుగా దిగుతుంది, చల్లబరచడానికి సముద్రపు నీళ్ళున్నాయి, పొగ వచ్చినా పెద్దమనుషుల పేటలకి దూరం. మనవైపు హైదరాబాదులో నిజాం కాలంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం కట్టినప్పుడు కూడా దగ్గర్లో నీళ్ళుండాలన్న లెక్కే పనిచేసింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఐరిష్ ప్రభుత్వం బొగ్గుకోసం బ్రిటన్ మీద ఆధారపడటం ఇష్టపడలేదు. జర్మనీలో సీమెన్స్ కంపెనీలో పనిచేసిన థామస్ మెక్‌లాఫ్లిన్ అనే యువ ఇంజనీరు షానన్ నది మీద జలవిద్యుత్ కేంద్రం కడదామని పట్టుబట్టాడు. 1925లో చట్టం వచ్చింది. 1927లో ఎలక్ట్రిసిటీ సప్లై బోర్డు, అంటే ఇఎస్‌బి, పుట్టింది. 1929 జులైలో ఆర్డ్‌నాక్రషా కేంద్రం ప్రారంభమైంది. ఖర్చు సుమారు 50 లక్షల పౌండ్లు దాటింది. ఆ రోజుల్లో ఆ బుల్లి దేశపు ఏటి ఆదాయంలో దాదాపు అయిదో వంతు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1927 దాకా ఊళ్ళల్లో ఎవరి మిల్లులో వాళ్ళు, ఎవరి వీధిలో వాళ్ళు కరెంటు పుట్టించుకుని అమ్మిన చిన్నచిన్న సంస్థలు చాలా ఉండేవి. వాటిని ఇఎస్‌బి తనలో కలుపుకుంటూ పోయింది. డబ్లిన్ కార్పొరేషన్ చేతిలోని పిజియన్ హౌస్ కూడా దాని కిందికే వచ్చింది. కరెంటు పుట్టించేది రాజ్యం, బిల్లు కట్టేది ఇల్లు అన్న ఏర్పాటు స్థిరపడింది. దీన్ని దోపిడీ అనలేం. ఆ ఏర్పాటు లేకపోతే పల్లెలకి దీపం వచ్చేది కాదు. అయితే ఇంటికప్పుకి మాత్రం ఆ ఏర్పాటులో చోటు లేకుండా పోయింది.

ఊరు ఒప్పుకుంటేనే స్తంభం

పల్లెలకి కరెంటు 1946లో మొదలైంది. ఆ నవంబరులో డబ్లిన్ కౌంటీ ఉత్తరాన కిల్సల్లహన్‌లో మొదటి స్తంభం పాతారు. ఏ పారిష్‌కి ముందు ఇవ్వాలన్నది ఎలా తేల్చారో తెలుసా? స్థానిక కమిటీ ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేయాలి. ఎక్కువ ఇళ్ళు ఒప్పుకున్న ఊరికి ముందు వరస. కొందరు గడ్డికప్పుకి నిప్పంటుకుంటుందని భయపడ్డారు. కొందరు నెలనెలా కట్టే స్థిర చార్జీకి భయపడ్డారు. కొందరు సంతకం పెట్టి, తీరా తీగ లాగేవాళ్ళు గుమ్మంలోకి వచ్చాక వెనక్కి తగ్గారు. ఇరుగుపొరుగుని ఒప్పించడం కూడా ఆ రోజుల్లో విద్యుదీకరణలో భాగమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

పిజియన్ హౌస్ 1976 దాకా పనిచేసింది. దాని పక్కనే పూల్‌బెగ్ కేంద్రం లేచింది. ఎరుపు తెలుపు పట్టీలతో 207 మీటర్ల ఎత్తున్న ఆ జంట పొగగొట్టాలు విమానం దిగేటప్పుడు అందరికీ కనబడతాయి. ఆ గొట్టాల్లోంచి పొగ ఆగిపోయినా ఇప్పుడు డబ్లిన్ వాళ్ళు వాటిని ఊరి గుర్తుగా ప్రేమిస్తారు. 2010లోనే ఆ గొట్టాల వాడకం ఆగిపోయింది.

ఈలోగా పక్కన కూర్చున్న బొమ్మ పెద్దదైంది. 1954 ఏప్రిల్‌లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు సెలీనియం బదులు సిలికాన్‌తో చేసిన ఘటం చూపించారు. పడిన వెలుగులో సుమారు 6 శాతం కరెంటుగా మారింది. ఇప్పుడు ఇళ్ళ మీద బిగించేవి 20 శాతం దాటాయి. ఐర్లండు చట్టం కూడా నెమ్మదిగా దారి ఇచ్చింది. 2018లో ఇళ్ళకి సోలార్ గ్రాంటు మొదలైంది. 2022లో మిగులు కరెంటుకి డబ్బు చెల్లించే ఏర్పాటు వచ్చింది. అదే ఏడాది అక్టోబరు నుంచి ఇంటికప్పు మొత్తం ప్యానెళ్ళు పరుచుకున్నా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదన్నారు. అంతకుముందు 12 చదరపు మీటర్లు దాటితే అనుమతి కావాల్సి వచ్చేది. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న ఇళ్ళకి మాత్రం నిబంధనలు వేరు. 2023 మే నుంచి ఇంటి సోలార్ మీద వ్యాట్ సున్నా.

నీడ లెక్క

ఇప్పుడు ప్లానుకి వద్దాం. మొదటి పని ఎవరినీ అడగక్కర్లేదు, కాగితం మీద చేసుకోవచ్చు. డబ్లిన్ 53 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి కేవలం 13 డిగ్రీల పైన ఉంటాడు. హైదరాబాదులో అదే రోజు 49 డిగ్రీలు. దీని ఫలితం డాక్‌ల్యాండ్స్‌లో కళ్ళకి కడుతుంది. క్యాపిటల్ డాక్ భవనం ఎత్తు 79 మీటర్లు. డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ సుమారు 335 మీటర్లు సాగి, లిఫీ నది దాటి అవతలి ఒడ్డు మీద పడుతుంది. అదే భవనం హైదరాబాదులో ఉంటే నీడ 70 మీటర్ల లోపే. జూన్‌లో డబ్లిన్‌లోనూ 45 మీటర్లే. అందుకని మీ ఇంటికి దక్షిణాన ఏముంది, ఎంత ఎత్తుంది, రేపు ఏం లేవబోతోంది అన్నవి ప్యానెల్ బ్రాండు కంటే ముందు చూసుకోవాల్సినవి. పొగగొట్టం నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, వరసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా దెబ్బతినొచ్చు.

రెండోది విస్తీర్ణం. ఇప్పటి ప్యానెల్ ఒకటి సుమారు 2 చదరపు మీటర్లు, 440 వాట్లు, 20 కిలోల పైచిలుకు బరువు. అయిదు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల వాలు ఉన్న చిన్న ఇంటికప్పు మీద రెండు వరసల్లో ఎనిమిది పడతాయి. మూడున్నర కిలోవాట్లు. దక్షిణానికి తిరిగిన కప్పు అయితే డబ్లిన్‌లో కిలోవాటుకి ఏడాదికి సుమారు 900 యూనిట్లు వస్తాయి. అంటే మొత్తం మూడువేల యూనిట్ల పైచిలుకు. ఐర్లండులో సగటు ఇంటి వాడకం ఏడాదికి 4,200 యూనిట్లుగా లెక్కవేస్తారు. బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ జూన్‌లో వచ్చేది డిసెంబరులో వచ్చేదానికి నాలుగైదు రెట్లు. హీటర్లు వేసుకునే నెలల్లోనే కప్పు చేతులెత్తేస్తుంది. తూర్పు పడమరలకి తిరిగిన కప్పు అయితే ఇంకో 15, 20 శాతం తగ్గుతుంది.

మూడోది కప్పే. మనవైపు డాబా మీద ఇనుప స్టాండు నిలబెట్టి, దాని మీద ప్యానెళ్ళు బిగిస్తారు. పక్కనే వడియాలు కూడా ఎండబెట్టుకోవచ్చు. ఇక్కడ వాలు కప్పు. పాత పలక పెళుసు. మనిషి అడుగేస్తే పగులుతుంది, అడ్డదిడ్డంగా రంధ్రం వేస్తే వాన కారుతుంది. కొక్కేలు పలకల్లోకి కాకుండా వాటి కింద ఉన్న కర్ర దూలాల్లోకి బిగియాలి. దూలం పుచ్చిందేమో ముందు అటక ఎక్కి చూసుకోవాలి.

చేతికి ఎంత, చట్టానికి ఎంత

ఇక అసలు ప్రశ్న. మనమే బిగించుకోవచ్చా?

కొలతలు, లెక్కలు, కొటేషన్ల బేరీజు, అటక తనిఖీ పూర్తిగా మీ చేతిలో పని. అక్కణ్ణుంచి చట్టం మొదలవుతుంది. ఇంటి కరెంటు బోర్డుకి కొత్త సర్క్యూటు కలపడం లాంటి పనులు 2013 నుంచి ఐర్లండులో నమోదైన ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి, పని అయ్యాక సర్టిఫికెట్ ఇవ్వాలి. గ్రిడ్డుకి కలిపే ముందు ఎన్‌సీ6 అనే ఫారం ఇఎస్‌బి నెట్‌వర్క్స్‌కి వెళ్ళాలి. 2025లో గ్రాంటు మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 700 యూరోలు, తరవాతి రెండింటికి 200 చొప్పున, మొత్తం మించితే 1,800. అది నమోదైన కంపెనీ బిగిస్తేనే వస్తుంది. సొంతంగా బిగిస్తే కూలీ మిగులుతుంది, గ్రాంటు పోతుంది. తీసివేత వేసి చూడండి, మిగిలేది చాలామంది ఊహించినంత ఉండదు. మన దగ్గర 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలోనూ మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ నమోదైన సంస్థ ద్వారానే.

ఈ కట్టుబాట్లు కాగితాల కోసం పెట్టినవి కావు. ఇంట్లో ఏ తీగ పని చేసినా ముందు మెయిన్ ఆపేస్తాం. ప్యానెల్‌కి ఆ స్విచ్చి సూర్యుడి దగ్గరుంది. వెలుగు ఉన్నంతసేపూ వరసగా కలిపిన ప్యానెళ్ళ తీగల్లో వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. వదులుగా ఉన్న కనెక్టరు దగ్గర మెరిసే నిప్పు అంత తేలిగ్గా ఆరదు, కింద ఉన్నది కర్ర దూలం. పక్కిల్లు మీ గోడనే పంచుకుంది.

ఇంకో సంగతి. 2025 జనవరి 24న ఇయోవిన్ తుఫాను గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలులతో వచ్చినప్పుడు, ఏడు లక్షల అరవై వేలకి పైగా ఇళ్ళకీ దుకాణాలకీ కరెంటు పోయింది. కప్పు మీద ప్యానెళ్ళున్న ఇళ్ళలోనూ చాలావాటికి చీకటే. గ్రిడ్డు పోగానే మామూలు ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి. లేకపోతే తీగ సరిచేయడానికి స్తంభమెక్కిన మనిషి మీ కప్పు కరెంటుకి బలవుతాడు. గ్రిడ్డు లేకపోయినా దీపం వెలగాలంటే బ్యాటరీ, గ్రిడ్డుని విడదీసే ప్రత్యేక స్విచ్చి కావాలి. వాటి ఖర్చు ప్లానులో ముందే రాసుకోవాలి.

కప్పు లేనివాళ్ళు

ఇంతా చెప్పాక ఒక నిజం మిగిలింది. డాక్‌ల్యాండ్స్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి కప్పే లేదు. ఉన్నది అపార్ట్‌మెంట్. పైకప్పు ఉమ్మడి ఆస్తి. 2011 చట్టం ప్రకారం అది ఫ్లాట్ల యజమానులంతా సభ్యులుగా ఉండే మేనేజ్‌మెంట్ కంపెనీది. అద్దెకుండేవాళ్ళకి అందులో ఓటు లేదు. 2023లో ఐర్లండు కరెంటులో 21 శాతం డేటా సెంటర్లు వాడుకున్నాయి, పట్టణాల్లోని ఇళ్ళన్నీ కలిపి వాడింది 18 శాతం. ఆ డేటా సెంటర్ల మీద నడిచే ఉద్యోగాలు చేస్తూ, సొంతానికి ఒక్క ప్యానెల్ పెట్టుకునే చోటు లేకపోవడం మనలో చాలామంది పరిస్థితి.

అయితే దారి మూసుకుపోలేదు. ఫ్లాటు సొంతమైతే, ఏటా జరిగే యజమానుల సమావేశానికి వెళ్ళండి. లిఫ్టుకీ మెట్ల దీపాలకీ కార్‌పార్కుకీ ఏడాదికి ఎంత కరెంటు బిల్లు వస్తోందో అడగండి. ఆ బిల్లు మీ సర్వీస్ చార్జీలోదే. కప్పు కొలతలు, నీడ లెక్క, రెండు మూడు కొటేషన్లు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. ప్యానెళ్ళు ముందుగా ఉమ్మడి మీటరుకి కలపడం తేలిక, ఒక్కో ఫ్లాటుకి విడివిడిగా పంచడం కష్టం. అద్దెకుంటే మీ యజమానికి ఆ కాగితమే పంపండి. ఒకరు నిప్పు అంటారు, ఒకరు ఖర్చు అంటారు, ఒకరు ఒప్పుకుని సమావేశానికి రారు. 1946లో సంతకాల కాగితం పట్టుకుని పొలాల గట్ల మీద తిరిగిన కమిటీ వాళ్ళకి ఎదురైన మాటలూ ఇవే. అయినా వాళ్ళు రెండోసారి, మూడోసారి తలుపు తట్టారు. సొంత చేతులతో చేయగల పనుల్లో అన్నిటికంటే కష్టమైంది, చట్టం ఏ అడ్డూ పెట్టనిదీ ఇదొక్కటే.